అవకాడో ఆకులు మాడుతుంటే ముందు వేరు చూడండి, తర్వాతే మందు

ప్రశ్న: మా పెరట్లో మూడేళ్ల అవకాడో అంటు చెట్లు రెండు, కుండీలో గింజ నుంచి పెంచిన మొక్క ఒకటి ఉన్నాయి. రెండు నెలలుగా ఆకుల కొనలు గోధుమ రంగుకు తిరిగి, అంచుల వెంట లోపలికి ఎండుతున్నాయి. రెండు చెట్లలో ఒకటి మాత్రం వాడినట్లు తలవాల్చింది, దానికి కొత్తాకులు చిన్నగా వస్తున్నాయి. ఒక్కో చెట్టుకు రోజూ 20 లీటర్ల బోరు నీరు పోస్తున్నాం. తెగులనుకుని రెండుసార్లు రాగి మందు కొట్టాం. బలం చాలలేదేమోనని డీఏపీ, మ్యూరేట్ ఆఫ్ పొటాష్ కూడా వేశాం. తగ్గకపోగా ఇంకా ఎక్కువైంది. ఏం చేయమంటారు?

జవాబు: మీరు రాసినదాన్ని బట్టి మూడు మొక్కలదీ ఒకే సమస్య కాదు. కొన నుంచి అంచుల వెంట మాడుతున్న చెట్టుకూ, కుండీ మొక్కకూ తగిలింది ఉప్పు దెబ్బ. చిన్నాకులు వేసి తలవాల్చిన చెట్టుకు వేరుకుళ్లు సోకి ఉండొచ్చు. ఈ తేడా తేలేవరకు ఏ మందూ వేయకండి. మొదటిదానికి పాదు నిండా నీరు పెట్టి ఉప్పు కడగాలి. రెండోదానికి అదే పని చేస్తే ఉన్న నాలుగు వేళ్లూ కుళ్లిపోతాయి. రాగి మందు ఈ రెండింటిలో దేనికీ పనికిరాదు. అది ఆకు మీది మచ్చ తెగుళ్లకు వాడేది.

తేల్చుకోవడానికి ప్రయోగశాల అక్కర్లేదు, చిన్న తవ్వుగోల చాలు. అవకాడో వేర్లు లోతుకు పోవు. నీరు పీల్చే పీచు వేళ్లు ఎక్కువ భాగం పైన 15 నుంచి 20 సెంటీమీటర్ల మట్టిలోనే ఉంటాయి. కొమ్మల చివర్ల కింద, నీడ అంచు పడే చోట, రెండు మూడు వైపులా అరచేయి లోతు మట్టిని మెల్లగా తీసి చూడండి. తెల్లగా గానీ మీగడ రంగులో గానీ ఉండి, వంచితే వంగే వేళ్లు కనిపిస్తే వేరు బాగున్నట్లే. నల్లబడి, పట్టుకోగానే పుటుక్కున తెగిపోతే, లేదా పీచు వేళ్లే కనబడకపోతే అది వేరుకుళ్లు. అదే చోట పిడికెడు మట్టి తీసి నొక్కండి. నీళ్లు కారితే తడి ఎక్కువైంది. ముద్ద కట్టి, వేలితో తాకితే విడిపోతే సరిపడా ఉంది. ముద్దే కట్టకపోతే ఎండిపోయింది. ఈ రెండు పరీక్షలూ మూడు మొక్కలకూ విడివిడిగా చేయండి.

ముందు ఉప్పు సంగతి. వేరు పీల్చిన నీటితో పాటు అందులోని క్లోరైడు కూడా ఆకు దాకా వెళ్తుంది. నీరు ఆవిరైపోతుంది, క్లోరైడు అక్కడే ఉండిపోతుంది. నీటి ప్రయాణం ముగిసేది ఆకు కొనలో కాబట్టి పోగుపడేదీ అక్కడే. అందుకే మాడటం కొనలో మొదలై, అంచుల వెంట వెనక్కి పాకి, తర్వాత మధ్యకు వస్తుంది. ముదురాకులు ఎక్కువ నెలలుగా నీరు లాగాయి కనుక ముందు అవే మాడతాయి. లేతాకులు పచ్చగానే ఉంటాయి. పండ్ల చెట్లలో క్లోరైడును ఇంతగా తట్టుకోలేనివి తక్కువ. అందులోనూ మెక్సికన్ జాతి వేరుమూలం, అంటే అంటుకు కింద వేరుతో ఉండే మొక్క, మరీ సున్నితం, గ్వాటెమాలన్ కొంత నయం, వెస్టిండియన్ ఈ మూడింటిలో గట్టిది. అంటు చెట్టు ఉప్పును ఎంత తట్టుకుంటుందన్నది పైనున్న రకం కంటే కిందున్న వేరుమూలం మీదే ఎక్కువగా ఆధారపడుతుంది. గింజ మొక్క ఏ జాతిదో చెప్పలేం కాబట్టి సున్నితమైనదనే అనుకుని చూసుకోండి.

మీ నీటిలో క్లోరైడు ఎంతుందో పరీక్ష చేయించండి. లీటరుకు 100 మిల్లీగ్రాములు దాటితే అవకాడోకు ఇబ్బంది మొదలవుతుంది. విద్యుత్ వాహకత, అంటే ఈసీ, మీటరుకు 0.75 డెసీసీమెన్లు దాటినా అంతే. ఒక లెక్క చూడండి. మీ నీటిలో లీటరుకు 200 మిల్లీగ్రాముల క్లోరైడు ఉందనుకుందాం. రోజుకు 20 లీటర్లంటే 4 గ్రాములు, నెలకు 120 గ్రాములు. దాదాపు 200 గ్రాముల తినే ఉప్పును ప్రతినెలా పాదులో చల్లినట్లు. దానికి తోడు మీరు మ్యూరేట్ ఆఫ్ పొటాష్ వేశారు. అది పొటాషియం క్లోరైడు, 100 గ్రాములు వేస్తే అందులో 47 గ్రాముల దాకా క్లోరైడే. అవకాడోకు ఈ ఎరువు ఎప్పుడూ వాడకండి. పొటాష్ అవసరమైతే సల్ఫేట్ ఆఫ్ పొటాష్ వేయండి. నీటిని మెత్తబరిచే యంత్రం నుంచి వచ్చే నీరు కూడా పనికిరాదు. అది సున్నాన్ని తీసి దాని బదులు సోడియం కలుపుతుంది.

రోజూ కొద్దికొద్దిగా పోయడంలో ఇంకో చిక్కుంది. పైమట్టి మాత్రమే తడిసి, అక్కడే ఆరి, ఉప్పు సరిగ్గా పీచు వేళ్ల చుట్టూ పేరుకుంటుంది. కిందికి కొట్టుకుపోయే అవకాశమే ఉండదు.

కడగడం ఇలా. వేళ్లు బాగున్న చెట్టుకే చేయాలి, మట్టిలో నీరు ఇంకుతుందో లేదో ముందే చూడాలి. చెట్టుకు కాస్త దూరంగా అడుగు లోతు, అడుగు వెడల్పు గుంత తీసి నీటితో నింపండి. అది ఇంకాక మళ్లీ నింపి కొలవండి. గంటకు 2, 3 సెంటీమీటర్లు తగ్గితే బాగుంది. మర్నాటికీ నీరు నిలిచే ఉంటే ఆ నేలలో కడిగే పని పెట్టుకోవద్దు. ఇంకే నేల అయితే కొమ్మలు పరుచుకున్నంత మేర 15 సెంటీమీటర్ల ఎత్తు నీరు పోయాలి. దాంతో పై అడుగు మట్టిలోని ఉప్పు దాదాపు సగానికి తగ్గుతుంది. 2 మీటర్ల వెడల్పున పరుచుకున్న చెట్టుకు ఇది సుమారు 470 లీటర్లు. ఒక్కసారే కుమ్మరించకుండా సన్నని ధారతో పది పన్నెండు గంటలపాటు వదలండి. వాన నీరు నిల్వ ఉంటే దీనికి అదే వాడండి. ఉప్పు నీటితో కడిగితే మట్టిలోని ఉప్పు ఆ నీటిలో ఉన్నంతకు దిగుతుందే తప్ప అంతకంటే తగ్గదు.

ఆ తర్వాత రోజువారీ నీరు మానేయండి. అరచేయి లోతు మట్టి ముద్ద కట్టడం తగ్గినప్పుడే, పాదంతా బాగా నానేలా ఒకేసారి పెట్టండి. అవసరానికి మించి 10 నుంచి 20 శాతం ఎక్కువ నీరు పడితే ఉప్పు ఎప్పటికప్పుడు కిందికి దిగిపోతుంది. రోజులు లెక్కపెట్టి నీరు పెట్టమని నేను చెప్పను. ఇసుక నేలకు మూడు రోజులకే అవసరం పడొచ్చు, బరువు నేలకు పది రోజులైనా పట్టొచ్చు. చేతికి తగిలే మట్టినే నమ్మండి.

కుండీ మొక్కకు పని తేలిక. కుండీ ఎంతుందో దానికి రెండింతల నీరు, అంటే 10 లీటర్ల కుండీకి 20 లీటర్లు, నెమ్మదిగా పోసి అడుగు రంధ్రాల నుంచి పోనివ్వండి. కింద పళ్లెం ఉంటే తీసేయండి, లేకపోతే కారిన ఉప్పును కుండీ మళ్లీ పీల్చుకుంటుంది. మట్టి మీద, కుండీ అంచున తెల్లటి పొర ఉంటే ముందే గోకి పారేయండి. నెలకోసారి ఇలా కడుగుతుండాలి. వేళ్లు కుండీ గోడ వెంట చుట్టలు చుట్టుకుని ఉంటే ఒక సైజు పెద్ద కుండీకి మార్చండి.

ఇక తలవాల్చిన చెట్టు. వేరుకుళ్లు తెచ్చే ఫైటాఫ్తోరా సిన్నమోమి అనే సూక్ష్మజీవిని 1922లో సుమత్రా దీవిలో దాల్చిన చెట్టు మీద గుర్తించారు. పేరూ అలాగే వచ్చింది. అవకాడో కూడా దాల్చిన కుటుంబానిదే. దీని బీజాలు నీటిలో ఈదుతూ వేరును చేరతాయి, అందుకే నీరు నిలిచే నేలలోనే విజృంభిస్తుంది. ఆకులు చిన్నవై, రంగు వెలిసి, కొనలు మాడి రాలిపోతాయి. కొమ్మల చివర్లు పైనుంచి ఎండుకుంటూ వస్తాయి. చాలామంది పొరపడేది ఇక్కడే. కుళ్లిన వేరు నీరు పీల్చలేదు కనుక మట్టి తడిగా ఉన్నా చెట్టు వాడుతుంది. దాహమేస్తోందనుకుని మరిన్ని నీళ్లు పోస్తారు, మిగిలిన వేళ్లూ పోతాయి. ఆకు వాడినప్పుడల్లా నీటి గొట్టం అందుకోకుండా మట్టి పట్టి చూడటం అలవాటు చేసుకోండి.

వేళ్లు నల్లగా ఉన్నాయని తేలితే వెంటనే నీరు ఆపి, పైమట్టి ఆరేదాకా ఆగండి. ఆకులు తగ్గిన చెట్టు తాగేదీ తక్కువే, ఇకపై పక్క చెట్టుకు పోసేదాంట్లో సగం కూడా దీనికి అక్కర్లేకపోవచ్చు. మొదలు చుట్టూ మట్టి ఎగదోసి ఉంటే తీసేసి అంటు కట్టిన చోటు బయటికి కనిపించేలా చేయండి. వాన నీరు పాదులోకి రాకుండా చిన్న కాలువ తీయండి. 2 కిలోల జిప్సం పాదంతా చల్లండి. దాని మీద ముతక చెక్క ముక్కలు, ఎండుటాకులు 10 నుంచి 15 సెంటీమీటర్ల మందాన పరిచి, మొదలుకు మాత్రం ఒక జానెడు దూరం వదలండి. కుళ్లే ఆకుల్లో పెరిగే మేలు చేసే శిలీంధ్రాలు ఈ సూక్ష్మజీవిని అణచిపెడతాయి. అందుకే అవకాడో కింద రాలిన ఆకులను ఊడ్చేయకూడదు. మందు ఒక్కటే వేసి ఈ పనులు వదిలేస్తే చెట్టు కోలుకోదని గట్టిగా చెబుతున్నాను.

మందుగా మెటలాక్సిల్, మాంకోజెబ్ కలిసిన పొడిని లీటరు నీటికి 2 గ్రాముల చొప్పున కలిపి, చెట్టుకు 5 లీటర్లు పీచు వేళ్లున్న మేర పోయండి. తర్వాత ఫోసెటైల్ అల్యూమినియం లీటరుకు 2 గ్రాములు కలిపి ఆకులు తడిసేలా పిచికారీ చేయొచ్చు. ఇది ఆకు నుంచి వేరుకు దిగే మందు కాబట్టి చెట్టుకు పచ్చటి ఆకు మిగిలి ఉన్నప్పుడే పనిచేస్తుంది. మీరు ఇప్పటికే రాగి మందు కొట్టారు కనుక ఒక జాగ్రత్త. ఫోసెటైల్‌ను రాగితో కలపకూడదు, ఆకుల మీద రాగి పొర ఉండగా చల్లినా ఆకు మాడుతుంది. మంచి వానలకు ఆ పొర కొట్టుకుపోయాకే వాడండి. కొనేముందు ఆ మందు అవకాడోకు అనుమతించినదేనా, కాయ కోతకు ఎన్ని రోజుల ముందు ఆపాలి అన్నది లేబుల్ మీద చదవండి. లేబుల్ మీద వేరే మోతాదు ఉంటే దాన్నే పాటించండి.

మూడు మొక్కలకూ ఎరువులు ఇప్పుడు ఆపేయండి. దెబ్బతిన్న వేరుకు ఎరువు కూడా ఉప్పే. పచ్చి కోళ్ల ఎరువు అసలు వద్దు. కొత్త చిగురు వచ్చి ఆకు నిండుగా విచ్చుకున్నాక, పెద్ద చెట్లకు 50 గ్రాముల అమ్మోనియం సల్ఫేట్‌ను 10 లీటర్ల నీటిలో కరిగించి తడి మట్టి మీద పోయండి. నెల విరామంతో చిన్న విడతలుగా ఇస్తే చాలు. కొత్తాకులు పసుపు పచ్చగా, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా వస్తే అది ఇనుము లోపం. సున్నం ఎక్కువున్న నేలలో ఇలా జరుగుతుంది, ఈడీడీహెచ్ఏ రూపంలోని ఇనుమును పాదులో ఇవ్వాలి.

మాడిన ఆకులను తెంపకండి. ఆకులో సగం మాడినా మిగతా సగం చెట్టుకు అన్నం వండుతూనే ఉంటుంది. పైగా అది కాండానికి నీడ. ఆకులు బాగా రాలి కాండం ఎండకు బయటపడితే బెరడు కాలి పగులుతుంది. అలాంటి కొమ్మలకు, మొదలుకు నీళ్లలో కరిగే తెల్ల పెయింటును సమానంగా నీరు కలిపి పూయండి. మాడిన భాగం తిరిగి పచ్చబడదు, దాన్ని చూసి దిగులు పడొద్దు. ఈ వైద్యం ఫలించిందా అన్నది తర్వాతి రెండు మూడు నెలల్లో వచ్చే కొత్తాకులే చెబుతాయి. అనుమానం తీరకపోతే 5 నుంచి 7 నెలల వయసున్న, కాయల్లేని కొమ్మల ఆకులను పరీక్షకు పంపండి. క్లోరైడు 0.25 శాతం దాటి ఉంటే ఉప్పేనని రుజువైనట్లే.

మీ చెట్లలో ఇప్పుడు లేకపోయినా పోలికలు తెలిసి ఉండటం మంచిది. పూత సమయంలో ముదురాకులు గోధుమ రంగు తిరిగి రాలిపోవడం సహజం, అవకాడో ఆకు ఆయుష్షు ఏడాదికి అటూ ఇటూ అంతే. వేడి గాలి తగిలే ఒక్క వైపునే అంచులు మాడితే గాలికి తెర కట్టండి. ఆకు అడుగున ఈనెల పక్కన గుండ్రటి గోధుమ మచ్చలు, సన్నని గూడు ఉంటే నల్లి. అడుగు భాగానికి తగిలేలా నీటి ధారతో వారానికి రెండుసార్లు కొట్టండి. తడి వాతావరణంలో ఆకు మీద విడివిడి మచ్చలు, చుట్టూ పసుపు వలయంతో వస్తే అది ఆకుమచ్చ తెగులు, రాగి మందు పనికొచ్చేది అప్పుడే.

ఒక కొమ్మ లేదా చెట్టులో ఒక పక్క ఉన్నట్టుండి వాడి, ఎండిన ఆకులు రాలకుండా కొమ్మకే వేలాడితే వర్టిసిలియం ఎండు తెగులును అనుమానించాలి. ఆ కొమ్మ బెరడు గోకితే లోపలి చెక్కలో గోధుమ చారలు కనిపిస్తాయి. దీనికి మందు లేదు గానీ చెట్టు తరచూ తనంతట తానే కోలుకుని కింద నుంచి చిగురిస్తుంది. తొందరపడి నరికేయకండి, చిగురు ఎక్కడి నుంచి వస్తుందో చూసి ఎండిన భాగాన్నే తీసేయండి. టమాటా, వంగ, మిరప, బంగాళాదుంప ఈ తెగులును మట్టిలో పెంచుతాయి. అవి వేసిన మడిలో అవకాడో నాటవద్దు, వాటిని అవకాడో పాదు దగ్గర పెంచవద్దు.

వేరుకుళ్లు సోకిన చెట్టు దక్కకపోతే అదే గుంతలో మరో అవకాడో పెట్టకండి, సూక్ష్మజీవి మట్టిలో ఏళ్ల తరబడి బతుకుతుంది. మరో చోట అడుగు నుంచి రెండడుగుల ఎత్తున, నాలుగడుగుల వెడల్పున మట్టి దిబ్బ వేసి దాని మీద నాటండి. జబ్బు చెట్టు దగ్గర వాడిన తవ్వుగోలను కడిగి ఆరబెట్టకుండా బాగున్న చెట్టు దగ్గరకు తీసుకెళ్లవద్దు. వేళ్లు చూసేటప్పుడు కూడా బాగున్న చెట్టుతో మొదలుపెట్టి, తలవాల్చిన దాన్ని చివర తవ్వండి.