పేర్ల ముచ్చట్లు: జేమ్స్, జాకబ్ ఒకే పేరా?

ప్రశ్న: 1688లో గద్దె పోగొట్టుకున్న ఇంగ్లండు రాజు పేరు రెండో జేమ్స్. ఆయన పక్షం నిలిచినవాళ్లను మాత్రం జాకొబైట్లు అంటారు. ఎందుకని?

జవాబు: జేమ్స్‌కు లాటిన్ రూపం యాకోబుస్, జాకొబైట్ అన్నది దాన్నుంచే పుట్టింది. అసలు మూలం హీబ్రూ పేరు యాకోవ్. కవల అన్న ఏశావు మడమ పట్టుకుని పుట్టాడని ఆదికాండం ఆ పేరును మడమతో ముడిపెడుతుంది. 'దేవుడు కాపాడుగాక' అనే నిడివైన పేరుకు ఇది కుదింపని చాలామంది పండితుల అభిప్రాయం. అదే నమ్మదగినదిగా ఉంది.

గ్రీకులో పేరు రెండు పాయలైంది. పాత నిబంధన పితరుడు ఇయాకోబ్‌గానే ఉండిపోయాడు. కొత్త నిబంధనలోని శిష్యులకు మాత్రం గ్రీకు ప్రత్యయం చేరి ఇయాకోబోస్ అయింది. తెలుగు బైబిలు ఇద్దరినీ యాకోబు అనే అంటుంది కాబట్టి మనకు ఈ తేడా ఇంగ్లీషు బైబిలు తెరిస్తే గానీ కనబడదు: అక్కడ పితరుడు జాకబ్, శిష్యులు జేమ్స్.

వాడుక లాటిన్‌లో 'బ' కాస్తా 'మ' అయి యాకోముస్ అనే రూపం వచ్చింది. ఇటాలియన్ జాకొమో, కాటలాన్ జౌమె, పాత ఫ్రెంచి జేమ్స్ దాని సంతానమే. ఫ్రాన్సు నుంచి వచ్చి ఇంగ్లండును గెలిచిన నార్మన్ల వెంట అక్కడికి చేరింది ఆ ఫ్రెంచి రూపమే. చిత్రమేమంటే, ఫ్రాన్సులో చివరికి నిలిచింది 'బ' రూపం నుంచి వచ్చిన ఝాక్.

స్పెయిన్‌లో 'సంత్ ఇయాగో' (పునీత యాకోబు) కలిసిపోయి శాంటియాగో అయింది. దాన్ని తప్పుచోట విరవడంతో పోర్చుగీసులో టియాగో పుట్టింది. డియేగో కూడా ఇలాగే వచ్చిందని చెబుతుంటారు గానీ, మధ్యయుగ పత్రాల్లో దాని లాటిన్ రూపం డిడాకుస్. కాబట్టి ఆ వాదన అంత గట్టిది కాదు. స్కాట్లండు హేమిష్ కథ ఇంకా బాగుంటుంది. గేలిక్‌లో పేరు షేమస్. సంబోధనలో మొదటి హల్లు 'హ'గా మారి 'అ హేమిష్' అవుతుంది. ఆ పిలుపునే జనం పేరనుకున్నారు.

ప్రశ్న: పాత చర్చి రిజిస్టరులో 'యాకోబుస్' అని ఉంటే వంశవృక్షంలో ఏమని రాసుకోవాలి?

జవాబు: ముందు ఉన్నదున్నట్టు ఎత్తి రాయండి, మీ ఊహను పక్కన బ్రాకెట్లో పెట్టండి. అది పాదిరి రాసిన లాటిన్ రూపం, ఇంట్లో పిలిచిన పేరు కాదు. జర్మనీ అయితే యాకోబ్, పోలండు అయితే యాకుబ్ కావచ్చు. ఇంగ్లండులో ఎక్కువగా జేమ్సే. కానీ మతసంస్కరణ తర్వాత పాత నిబంధన పేర్లు విరివిగా పెట్టుకున్నారు కాబట్టి జాకబ్ కూడా కావచ్చు. అదే మనిషి వీలునామానో, దేశభాషలో ఉన్న మరో పత్రమో దొరికితే తేలిపోతుంది.

విభక్తులు గమనించకపోతే లేనిపోని మనుషులు పుట్టుకొస్తారు. 'యాకోబుస్ ఫిలియుస్ యాకోబి' అంటే యాకోబుస్ కొడుకు యాకోబుస్. యాకోబి వేరే పేరు కాదు. పొట్టి రాతల్లో 'యాక్.', 'యోహ్.' ఒకదానికొకటి పొరబడేంత దగ్గరగా ఉంటాయి. రెండోది యోహాన్నెస్, అంటే జాన్. అదే చేతిరాతలో స్పష్టంగా ఉన్న మరో పేరుతో అక్షరాలు పోల్చి చూసుకోండి.

ప్రశ్న: జాక్ అంటే జేమ్సేనా?

జవాబు: కాదు. ఫ్రెంచి ఝాక్‌తో పోలిక వల్ల అలా అనిపిస్తుంది. ఇంగ్లీషు జాక్ జాన్‌కు ముద్దుపేరు, జాంకిన్ అనే రూపం నుంచి వచ్చింది. అందుకే జాక్సన్ అంటే జాన్ కొడుకు. జేమ్స్ కొడుకు జేమ్సన్.