పెద్ద పిల్లి కొత్త కూనల్ని దగ్గరికి రానివ్వకపోతే

మీ తొమ్మిదేళ్ల పిల్లి, మెట్ల కింద దొరికిన రెండు కూనల్ని చూసి బుసలు కొడుతోందని, నిన్నటి నుంచి తిండి ముట్టలేదని రాశారు. ముందు ఆ తిండి సంగతి చూడండి. పెద్ద పిల్లి వరసగా పస్తుంటే కాలేయానికే ముప్పు. ఇవాళ కూడా తినకపోతే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.

కూనల్ని ఇప్పుడే వేరే గదిలో పెట్టి తలుపేసేయండి. వాటికి నులిపురుగుల మందు, టీకాలు పడాలి. పాన్‌ల్యూకోపీనియా (పిల్లులకొచ్చే ప్రాణాంతకమైన వైరస్ జబ్బు) లాంటివి బయటి కూనల నుంచి రావచ్చు కాబట్టి పెద్దదాని టీకా కూడా చూసుకోండి.

ఆ తర్వాత తొందరపడకండి. పిల్లులకి ముందు వాసనతోనే పరిచయం. మెత్తటి గుడ్డతో కూనల బుగ్గలు తుడిచి పెద్దదాని దగ్గర పెట్టండి. మా ఇంట్లోనూ ఇలాగే చేస్తే, మొదటిరోజు మా పెద్ద పిల్లి వాసన చూసి, చెవులు వెనక్కి వాల్చి వెళ్లిపోయింది. అయిదో రోజు ఆ గుడ్డ మీదే పడుకుంది! అప్పుడు తలుపుకి చెరోవైపు గిన్నెలు పెట్టి, రోజుకో జానెడు దగ్గరికి జరిపాను. ఒకరోజు తలుపు కింద నుంచి బుల్లి పంజా బయటికొచ్చింది. మా పెద్దది వాసన చూసి ఊరుకుంది. తర్వాత దోమల జాలీ తలుపులోంచి చూపించి, ఆపైన పదేసి నిమిషాలు కలిపాం. మొత్తం మూడు వారాలు పట్టింది.

బుస కొడితే తిట్టకండి. కూనలకి హద్దు తెలిసేది దాంతోనే. మీదపడి కొడితే మాత్రం మధ్యలో అట్టముక్క అడ్డం పెట్టండి, చెయ్యి పెట్టొద్దు. మూడు పిల్లులకి నాలుగు లిట్టర్ ట్రేలు (అవి మలమూత్రాలకి వాడే పళ్లేలు), వేర్వేరు చోట్ల ఉంచండి. బీరువా మీద పెద్దదానికి ఓ దుప్పటి పరచండి, కూనలు అంత ఎత్తు ఎక్కలేవు.