టెక్కలిలో ప్రకృతి క్లబ్బు పెడతానన్న మేనకోడలికి

చి. మేనకోడలికి మావయ్య ఆశీస్సులు.

టెక్కలిలో ప్రకృతి క్లబ్బు మొదలుపెడుతున్నానని, మొదటి మీటింగుకి విశాఖపట్నం నుంచి పెద్ద ప్రొఫెసరు గారెవరినైనా పిలిస్తే బాగుంటుందా అని అడిగావు. ఇప్పుడే వద్దమ్మా. ఆయన వస్తున్నారంటే దండలు, శాలువాలు, జ్ఞాపికలు తప్పవు. ఎమ్మార్వో గారిని పిలిచి ఎంపీడీవో గారిని పిలవకపోతే బాగోదు. వేదిక మీద ఉన్నవాళ్ళంతా తలా రెండు మాటలు చెప్పేసరికి కింద ఉన్నవాళ్ళు సగం మంది లేచిపోతారు. పాపం ఆ ప్రొఫెసరు గారు ఖాళీ కుర్చీలకి స్లైడ్లు చూపించుకుని బస్సెక్కాలి.

నా అనుభవంలో నెలనెలా ఒకే చోటికి వెళ్ళి, కనిపించినవి లెక్కపెట్టి, పుస్తకంలో రాసుకునే క్లబ్బే బతికి బట్టకడుతుంది. ఉపన్యాసాలు దాని వెనక నడవాలి. హైదరాబాదులో 1980లో మొదలైన పక్షి పరిశీలకుల సంఘం పేరు మార్చుకుని డెక్కన్ బర్డర్స్ అయింది గానీ, నెలనెలా బయటికి వెళ్ళే అలవాటు మానుకోలేదు.

నీకు ఆ చోటు వెతుక్కునే పని కూడా లేదు. తేలినీలాపురం మీ పక్కనే ఉంది. సెప్టెంబరు నుంచి మార్చి దాటేదాకా గూడబాతులు (పెలికాన్లు), ఎర్రకాళ్ల కొంగలు అక్కడి చెట్ల మీద గూళ్ళు కట్టి పిల్లల్ని పెంచుతాయి. అక్కడికి వెళ్ళినప్పుడు నువ్వు మొదట సరిచేయాల్సింది సైబీరియా కథ. ప్రచార కాగితాల్లోనూ పేపర్లలోనూ ఏటా 'సైబీరియా అతిథులొచ్చాయి' అని రాస్తారు. ఈ గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు మన దేశపు పక్షులే. వానలు, చేపలు చూసుకుని ఒక చెరువు నుంచి ఇంకో చెరువుకి, ఒక జిల్లా నుంచి ఇంకో జిల్లాకి తిరుగుతాయంతే. ఇచ్ఛాపురం పక్కన తేలుకుంచిలో వానాకాలంలో గూళ్ళు కట్టే నత్తగుల్ల కొంగలూ అంతే. ముక్కు మూసినా మధ్యలో సందు కనిపిస్తుంది చూడు, అవే. పొలాల్లో నత్తల్ని ఏరుకు తింటాయి. అసలైన సైబీరియా కొంగ వేరే పక్షి. అది 2002 తర్వాత మన దేశానికి రానే లేదు.

సైబీరియా నుంచి వచ్చినవాటిని పిల్లలకి చూపించాలంటే చలికాలంలో నౌపడ ఉప్పు మడులకి తీసుకెళ్ళు. గట్టు మీద కూర్చుంటే నీళ్ళ అంచున బురదలో ముక్కు టకటకా పొడుస్తూ పరుగెత్తే పిడికెడంత ఉల్లంకి పిట్టలు కనిపిస్తాయి. వాటిలో చిన్న రకాలు ముప్పై గ్రాములు కూడా తూగవు. ఉత్తర ధ్రువం దగ్గర పుట్టి మన నౌపడ దాకా ఎగిరొచ్చినవి అవి. ఎవరూ ఫొటో తీయరు, పేపర్లో వెయ్యరు. పెద్ద పక్షుల్ని చూసి చప్పట్లు కొట్టిన పిల్లలు ఈ మాట విన్నాక బైనాక్యులర్ కోసం పోట్లాడుకుంటారు, చూడు.

తేలినీలాపురంలో గూళ్ళున్న చెట్ల కిందికి ఎవర్నీ పోనివ్వకు. తల్లి పక్షి బెదిరి లేచిందంటే కాకి వెంటనే గుడ్డు మీద వాలుతుంది. డ్రోను తెచ్చేవాడు ఒకడు ఎప్పుడూ ఉంటాడు, వాడికి ముందే చెప్పెయ్. ఒక పెద్ద మనిషికి పది మంది చొప్పున వెళ్ళండి, అంతకు మించితే అది తీర్థమే.

పుస్తకం ఎందుకంటున్నానంటే, 2021 చివర్లో, 2022 మొదట్లో అక్కడ గూడబాతులు చాలా చచ్చిపోయాయి. పొట్టలో నులిపురుగులు పడ్డాయని పశువైద్యులు తేల్చారు. అలాంటి సంగతి పేపర్లో వచ్చేలోపే ఊళ్ళో తెలియాలంటే, పోయిన నెల ఎన్ని గూళ్ళున్నాయో, ఈ నెల ఎన్నున్నాయో ఎవరో ఒకరి దగ్గర రాసి ఉండాలి. రోజు, టైము, ఎవరెవరు వచ్చారు, ఏ పక్షి ఎన్ని. ఇవి రాస్తే చాలు. పేరు తెలియకపోతే రంగు, ముక్కు, కాళ్ళు రాయమను. తప్పు పేరు రాయడం కన్నా అది మేలు. జనవరిలో నీటి పక్షుల గణన, ఫిబ్రవరిలో నాలుగు రోజుల పాటు ప్రపంచమంతా పక్షుల్ని లెక్కించే కార్యక్రమం ఉంటాయి. రెండోదానికి పదిహేను నిమిషాలు పెరట్లో కూర్చున్నా సరిపోతుంది. మీ లెక్కలు ఫోనులో ఈబర్డ్ అనే పక్షుల లెక్కల యాప్‌లో ఎక్కించు, కానీ కాగితం పుస్తకం మాత్రం మానొద్దు.

ఇక ఉపన్యాసాల సంగతి. మొదటిది పాముల మీద పెట్టు. పులి మీద పెడితే పిల్లలొస్తారు, పాము మీద పెడితే ఇంటిల్లిపాదీ వస్తారు. మన పొలాల్లో మనుషుల్ని చంపేవి ముఖ్యంగా నాలుగు: నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర. జెర్రిపోతు, నీరుకట్టె, పసిరిక పాము వల్ల మన ప్రాణానికి భయం లేదు. అయినా కర్రదెబ్బలు ఎక్కువ తినేవి అవే. ఈ మూడింటి ఫొటోలు పెద్దవిగా చూపించు.

కట్లపాము దగ్గర మాత్రం నిదానంగా చెప్పించు. అది రాత్రిపూట నేల మీద పడుకున్నవాళ్ళని కరుస్తుంది. నొప్పి, వాపు పెద్దగా ఉండవు, చీమ కుట్టిందనుకుని మళ్ళీ పడుకుంటారు. తెల్లారేసరికి కడుపునొప్పి, కనురెప్పలు వాలిపోవడం, మింగలేకపోవడం మొదలవుతాయి. గ్యాస్ నొప్పి అనుకుని సోడా తాగించేలోపు పరిస్థితి చేయి దాటిపోతుంది. దోమతెర కట్టుకుని మంచం మీద పడుకుంటే చాలావరకు ఈ గండం తప్పుతుంది. ఈ ఒక్క సంగతి నలుగురికి తెలిసినా ఆ మీటింగు దండగ కాదు. గోడల మీద పాకే విషం లేని పాము ఒకటి ఉంది, దానికీ కట్లుంటాయి. దాని కట్లు తల దగ్గర స్పష్టంగా ఉండి తోక వైపు మాసిపోతాయి. కట్లపాముకి తల దగ్గర ఉండీ లేనట్టుండి తోక వైపు తేటగా కనిపిస్తాయి. ఇది చెప్పు, కానీ దగ్గరికెళ్ళి పోల్చుకోమని మాత్రం చెప్పకు.

కాటు పడితే తాడు బిగించడం, బ్లేడుతో కొయ్యడం, నోటితో పీల్చడం ఏవీ వద్దు. చెయ్యి, కాలు కదలకుండా ఉంచి, 108కి ఫోన్ చేసి, విషం విరుగుడు ఇంజక్షను ఉన్న ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. బతికున్న పాముని మీటింగుకి తెస్తానని ఎవరో ఒకరు హుషారు పడతారు. 1972 వన్యప్రాణి చట్టం ఒప్పుకోదు, నువ్వూ ఒప్పుకోకు.

తర్వాత మాట్లాడేవాళ్ళని ఊళ్ళలోనే వెతుకు. భావనపాడులో వల లాగే పెద్దమనిషి, ఉద్దానం జీడితోటలో కాపలా పడుకునేవాడు, గొర్రెలు కాసేవాడు. కలివి కోడి సంగతి నీకు తెలుసు కదా. 1900 తర్వాత ఎవరికీ కనిపించక అంతరించిపోయిందనుకున్న పక్షి, 1986 జనవరిలో కడప జిల్లాలో మళ్ళీ దొరికింది. అది పట్టుకున్నది ఐతన్న అనే స్థానికుడు. బొంబాయి నుంచి వచ్చిన శాస్త్రవేత్తలు ఊరివాళ్ళని అడిగారు కాబట్టే దొరికింది. అలాంటివాళ్ళని మైకు ముందు నిలబెడితే టెన్షన్ పడి రెండు ముక్కలు చెప్పి దిగిపోతారు. చాప మీద కూర్చోబెట్టి, టీ ఇచ్చి, నువ్వు ప్రశ్నలు అడుగుతూ పో. దారి ఖర్చులు, ఆ రోజు కూలి మాత్రం ఇవ్వాలి, ప్రొఫెసరు గారికి కవరిచ్చినట్టే కవర్లో పెట్టి ఇవ్వాలి.

ఉద్దానంలో ఎలుగుబంటి మీద కార్యక్రమం పెడితే టెక్కలి హాల్లో వద్దు, ఎలుగుబంట్లు పండ్ల కోసం తోటల్లోకి వస్తాయి కాబట్టి పనస పండకముందే ఆ ఊళ్ళోనే పెట్టు. చీకట్లో ఒంటరిగా తోటకి వెళ్ళకపోవడం, మాట్లాడుకుంటూ నడవడం, ఫొటో కోసం వెంటపడకపోవడం, ఇవి చెప్పించు. వాళ్ళ మనుషులు దెబ్బలు తిన్నారు, అక్కడికెళ్ళి 'ఎలుగుబంటి ఎంత ముద్దుగా ఉంటుందో' అని మొదలుపెట్టకు.

సముద్రపు తాబేళ్ళు ఒడ్డుకొచ్చి గుడ్లు పెట్టడం చూడ్డానికి వెళ్ళే తాబేళ్ళ నడక జనవరి నుంచి మార్చి మధ్యలో, అటవీశాఖ అనుమతితో, రాత్రిపూట పెట్టు. టార్చికి ఎర్ర కాగితం చుట్టండి, అదీ అవసరమైతేనే వెలిగించండి. ఇసుకలో ట్రాక్టరు టైరు జాడలా గీత కనిపిస్తే నీళ్ళ వైపు అడ్డం పోకుండా ఆగిపోవాలి. తాబేలు ఒక్కో గుంటలో ఇంచుమించు వంద గుడ్లు పెడుతుంది, పిల్లలు బయటికి రావడానికి నలభై అయిదు నుంచి అరవై రోజులు పడుతుంది. చాలా రాత్రులు ఏమీ కనిపించదు. ఆ మాట ముందే చెప్పకపోతే, దూరం నుంచి కారేసుకుని వచ్చినవాళ్ళు నీతో గొడవ పడతారు. తాబేలు పిల్లల్ని సముద్రంలోకి వదిలే రోజున నాయకుల్ని పిలిచి ఒక్కో పిల్లని ఒక్కొక్కరి చేతిలో పెట్టే తంతు చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఇసుక మీద వదిలేస్తే అవే నడిచి వెళ్తాయి.

అక్టోబరు మొదటి వారం వన్యప్రాణి వారోత్సవాలకి బడులవాళ్ళు పిలుస్తారు. వెళ్ళు. వ్యాసరచన పోటీ బదులు పిల్లల్ని బడి గోడ చుట్టూ తిప్పి సాలెపురుగులు లెక్కపెట్టించు.

చందా ఎంత పెట్టాలన్నావు. పెద్దవాళ్ళకి ఏడాదికి రెండు వందలు, పిల్లలకి వద్దు. వచ్చినదాంతో ముందు ఒక మంచి బైనాక్యులర్ కొను, ఎనిమిది రెట్లు పెద్దదిగా చూపించేది చాలు, అందరూ చేతులు మార్చుకుంటారు. బ్యానరు వచ్చే ఏడాది చూసుకోవచ్చు. లెక్కల పుస్తకం మాత్రం నీ దగ్గర ఉంచుకోకు, ఎవరైనా రిటైరైన బ్యాంకు ఉద్యోగికి ఇచ్చెయ్. వాళ్ళు పైసాతో సహా రాస్తారు, ఖర్చు పెడతానంటే వంద ప్రశ్నలేస్తారు.

మీ మావయ్య