నార్త్ ఫేసింగ్ ఇంటి ముందు నీడలో ఏం బతుకుతుంది?

ప్రశ్న: మాది కనిగిరి. న్యూజెర్సీలో నార్త్ ఫేసింగ్ ఇల్లు కొన్నాం. గుమ్మం పక్కన ఎప్పుడూ నీడే. పాత ఓనర్లు పెట్టిన పొదలు ఎండిపోయాయి. చలికాలంలో కూడా పచ్చగా ఉండి, పూలు పూసే మొక్క కావాలి. అమ్మ ఫోన్లో నూరువరహాలు పెట్టమంటోంది. ల్యాండ్‌స్కేపింగ్ అతను 5 పెద్ద మొక్కలకి, నాటే కూలితో కలిపి 2,400 డాలర్లు అడుగుతున్నాడు. ఇవ్వచ్చా?

జవాబు: ఇవ్వొద్దమ్మా. మిగతా సంగతులు తర్వాత మాట్లాడుకుందాం, ముందు అతనికి ఫోన్ చేసి వద్దని చెప్పండి. డాలర్లని రూపాయల్లోకి మార్చి చూడకూడదని మీ వయసు పిల్లలు నాకు చెబుతూ ఉంటారు. నేను ఇప్పటికీ మారుస్తాను. అలా మార్చి చూసుకున్నాను కాబట్టే ఇంటి అప్పు గడువుకి ముందే తీరింది.

మనవాళ్ళు ఇల్లు చూడ్డానికి వెళ్తే ముందు ఫోన్లో కాంపస్ తెరుస్తారు. తూర్పో ఉత్తరమో అయితే సగం బేరం అయిపోయినట్టే. ఉత్తరం వాకిలి తీసుకుంటే ముందున్న తోటంతా నీడలో పడుతుందని అప్పుడు ఎవరికీ తట్టదు, ఎందుకంటే మన ఊళ్ళో అలా పడదు. మా నెల్లూరు ఉన్నది 14 డిగ్రీల అక్షాంశం దాటి కొంచెం పైన, మీ కనిగిరి 15 దాటి. మే మొదటి వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మధ్యాహ్నం సూర్యుడు మనకి ఉత్తరం వైపే ఉంటాడు. అందుకే ఎండాకాలంలో ఉత్తరం అరుగు మీద కూడా కాళ్ళు కాలతాయి. న్యూజెర్సీ 40 డిగ్రీల మీద ఉంది. ఇక్కడ మధ్యాహ్నం సూర్యుడు ఎప్పుడూ దక్షిణానే. డిసెంబరులో అయితే నడినెత్తికి రావడం మాట అటుంచి, 30 డిగ్రీల ఎత్తుకి కూడా రాడు. రెండంతస్తుల ఇంటి నీడ మీ గుమ్మం దాటి రోడ్డు దాకా పోతుంది. జూన్‌లో పొద్దున కాసేపు, సాయంత్రం కాసేపు ఏటవాలుగా పడే ఎండే మీ మొక్కలకి దక్కేది.

ఇక నూరువరహాలు. అది మంచుకి ఒక్క రాత్రి కూడా ఆగదు. మీ అమ్మగారి మాట కాదనలేకపోతే కుండీలో పెట్టి, చలికాలమంతా ఇంట్లో దక్షిణం కిటికీ దగ్గర ఉంచుకోండి. బయట మాత్రం వద్దు.

నేను మొదట పెట్టింది రోడోడెండ్రాన్ అనే పూలపొద. 2001లో, డాలరు 47 రూపాయల దగ్గర ఉన్న రోజుల్లో. మే నెలలో నర్సరీకి వెళ్ళి, నిండా పూలతో ఉన్న పెద్ద మొక్కలు మూడు కొన్నాను. అవి కారులో పట్టవు కాబట్టి డెలివరీ ఖర్చు వేరే. అప్పటికి నాకు క్రెడిట్ కార్డు బాకీ ఉంది. ఆ సంగతి మా ఆవిడ ఇప్పటికీ గుర్తు చేస్తుంది.

నాటడం నాకు తెలుసనుకున్నాను. పొదలకూరు దగ్గర నిమ్మతోటలో పెరిగినవాణ్ణి, నాకు ఒకరు చెప్పేదేమిటి? మోకాలి లోతు గుంట తవ్వాను. అడుగున రెండు బస్తాల పశువుల ఎరువు పోశాను. మొక్కని నేల మట్టం కంటే జానెడు కిందకి దించాను. చుట్టూ గట్టు వేసి పాదు కట్టాను. ఆఫీసు నుంచి రాగానే రోజూ పైపు పెట్టి పాదు నిండేదాకా నీళ్ళు. మన ఎండలకి, మన ఎర్రనేలకి అది చెల్లుతుందేమో గానీ, ఇక్కడ మా ఇంటి ముందున్నది జిగట బంకమన్ను. దాని మీద ఎండ పడదు. పోసిన నీళ్ళు ఎక్కడికీ పోవు. నేను తవ్వింది గుంట కాదు, తొట్టి.

జూలైలో ఆకులు వాలిపోయాయి. దాహం అనుకుని ఇంకా నీళ్ళు పోశాను. ఆకులు పసుపు తిరిగాయి. బలం చాల్లేదనుకుని, చలికాలంలో చిమ్నీ నుంచి తీసి దాచిన కట్టెల బూడిద తెచ్చి మొదట్లో చల్లాను. ఊళ్ళో కూరపాదులకి మా అమ్మ చల్లేది కదా! ఈ జాతి మొక్కలకి పులుపు నేల కావాలి, పీహెచ్ 5 నుంచి 6 లోపు (ఈ అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ). బూడిద దానికి సరిగ్గా వ్యతిరేకం. పీహెచ్ పెరిగితే నేలలో ఇనుము ఉన్నా మొక్క తీసుకోలేదు. ఈనెలు మాత్రం పచ్చగా మిగిలి ఆకంతా పసుపైపోతుంది. వేసవి అయ్యేలోపు రెండు మొక్కలు పోయాయి. వాటి డబ్బులు రూపాయల్లో ఎంతో లెక్కేసి ఆ రాత్రి అన్నం తినలేదు.

మూడోది ఎలాగో జనవరి దాకా వచ్చింది. ఒక పొద్దున చూస్తే ఆకులన్నీ చుట్టల్లా చుట్టుకుని కిందకి వేలాడుతున్నాయి. ఇదీ పోయిందని టెన్షన్‌తో బకెట్టు వేడినీళ్ళు తెచ్చి గడ్డకట్టిన నేల మీద పోశాను. పక్కింటి తెల్లాయన కంచె అవతల నుంచి చూసి, పాపం, ఏమీ అనకుండా లోపలికి వెళ్ళిపోయాడు. చలి బాగా ముదిరితే రోడోడెండ్రాన్ ఆకులు అలా చుట్టుకోవడం మామూలే. ఎండ కాస్త తగిలి చలి తగ్గితే మళ్ళీ విచ్చుకుంటాయి. మీ వీధిలో ఎవరింట్లోనైనా అలా కనిపిస్తే కంగారు పడకండి.

ఆ తర్వాతి వేసవిలో మా నాన్న వచ్చారు. బ్యాగులు దించకముందే ఆ పాదు చూసి, "నిమ్మకి ఇట్టా కడతామంటరా?" అన్నారు. అప్పుడు నా బుర్రకి ఎక్కింది. నిమ్మకి ఎవరూ నీళ్ళు మొదలు దగ్గర నిలబెట్టరు. మొదలు చుట్టూ మట్టి ఎగదోసి, దాని బయట ఇంకో గట్టు వేసి, ఆ రెండింటి మధ్యే నీళ్ళు పెడతారు. డబుల్ రింగ్ అంటారు దాన్ని. మొదలు తడిగా ఉంటే బంక తెగులు వస్తుందని గూడూరు, పొదలకూరు రైతు పిల్లలందరికీ తెలుసు, నాకూ తెలుసు. బంక తెగులు తెచ్చే ఫైటాఫ్తోరా అనే బూజు జాతిదే ఇక్కడ రోడోడెండ్రాన్ వేళ్ళు కుళ్ళబెట్టేది కూడా. దేశం మారితే చెట్ల చదువు కూడా మారుతుందనుకుని ఇంట్లో నేర్చింది పక్కన పెట్టాను.

నాన్న ఆ మిగిలిన మొక్కని పెకలించి, మట్టి దిబ్బలా పోసి, వేళ్ళ ముద్ద పైభాగం నేల కంటే రెండు అంగుళాలు ఎత్తులో ఉండేలా నాటారు. కుండీలో చుట్టుకుపోయిన వేళ్ళని చేతివేళ్ళతోనే విడదీశారు. ఎరువు వేయనివ్వలేదు. అది ఇప్పటికీ ఉంది, నాకంటే ఎత్తుగా.

అయినా మీకు రోడోడెండ్రాన్ చెప్పను. దుప్పులు. జనవరి, ఫిబ్రవరిలో తినడానికి ఇంకేమీ దొరక్క మీ గుమ్మం దాకా వచ్చి మొగ్గలు, ఆకులు కలిపి మేసేస్తాయి. డబ్బు పోసి దుప్పులకి మేత పెట్టడం ఎందుకు? పియరిస్ అనే పొద పెట్టుకోండి. అదీ ఇదీ ఒకే కుటుంబం, కావలసిన నేల కూడా ఒకటే. జపాన్, తూర్పు చైనా, తైవాన్ దాని సొంత ఊళ్ళు. ఏడాదంతా పచ్చగా ఉంటుంది, మార్చి, ఏప్రిల్‌లలో చిన్న చిన్న ముంతల్లాంటి తెల్లపూలు గుత్తులుగా వేలాడతాయి. 'మౌంటెన్ ఫైర్' అనే రకం అయితే కొత్త చిగుళ్ళు ఎర్రగా వస్తాయి, మామిడి చిగురు గుర్తొస్తుంది. దుప్పులు దాన్ని సాధారణంగా ముట్టవు. ఆకుల్లో గ్రయానోటాక్సిన్ అనే విషం ఉంది. మీకు నోట్లో అన్నీ పెట్టుకునే వయసు పిల్లలుంటే, ఇంట్లో కుక్క ఉంటే ఒకసారి ఆలోచించుకోండి. పూలు బాగున్నాయి కదా అని ప్రసాదం పళ్ళెంలో మాత్రం పెట్టకండి.

నీడ మీకు చేటు అనుకుంటున్నారు గానీ ఈ మొక్కకి కొంత మేలే. ఎండలో ఉన్న పియరిస్‌కి లేస్ బగ్ అనే పురుగు బాగా పడుతుంది. ఆకు పైన తెల్లటి చుక్కలు, కింద నల్లటి మచ్చలు వస్తాయి. నీడలో ఆ బాధ తక్కువ. మరీ చీకటి మూల అయితే మాత్రం పూలు తగ్గుతాయి, అందుకు సర్దుకోవాలి. గోడకి ఆనించి నాటకండి. పునాది సిమెంటులోంచి సున్నం మట్టిలోకి దిగుతుంది, పైగా చూరు మీది మంచు జారిపడి కొమ్మలు విరుగుతాయి. మూడడుగులు ఎడం ఇవ్వండి. పైన ఎండిన పైన్ ఆకులో, చెక్కపొట్టో రెండు మూడు అంగుళాలు పరవండి, కాండానికి తగలకుండా. మెట్ల మీద మంచుకి చల్లే ఉప్పు మొక్కల వైపు ఎగరేయకండి. కత్తిరించాలంటే పూలు రాలగానే చేయాలి. వచ్చే ఏడాది మొగ్గలు ఈ వేసవిలోనే కడుతుంది కాబట్టి ఆలస్యంగా కత్తెర వేస్తే పూలు కోసేసినట్టే.

ఇక అసలు విషయం, డబ్బు. పియరిస్ మెల్లగా పెరుగుతుంది. పెద్ద మొక్కకి అంత ధర చెప్పేది అందుకే, వాళ్ళు దాన్ని ఏళ్ళ తరబడి పెంచిన కూలి మీ దగ్గర రాబడతారు. మీ వయసెంత? ముప్పై, ముప్పై రెండు? ఆ ఎదుగుదల మీ ఇంట్లోనే జరగనివ్వండి. ఒక గాలన్ కుండీ మొక్కలు మూడు తీసుకోండి, ఐదు అక్కర్లేదు. పూలున్నప్పుడు కాదు, సెప్టెంబరులో వెళ్ళండి, సీజన్ అయిపోతోందని ధర తగ్గిస్తారు. నాటడానికి కూడా అదే మంచి కాలం, నేల గడ్డకట్టేలోపు వేళ్ళు పట్టుకుంటాయి. చాలా చోట్ల ఏడాది లోపు చస్తే మార్చిస్తారు, బిల్లు దాచుకుంటే. నేను దాచుకోలేదు. నీళ్ళు వేలితో మట్టి తడిమి చూసి వారానికోసారి, మొదటి ఏడాది మాత్రమే. నేల గడ్డకట్టే ముందు ఒకసారి బాగా పెట్టండి, ఆకు రాల్చని మొక్క చలిలో కూడా నీళ్ళు పోగొట్టుకుంటుంది. మట్టి పరీక్షకి రట్గర్స్ యూనివర్సిటీ ల్యాబ్ ఉంది, అయ్యే ఖర్చు ఒక మొక్క చచ్చిపోతే పోయే డబ్బు ముందు లెక్కలోది కాదు. నా కాలంలోనూ ఉంది, నాకే వెళ్ళాలని తోచలేదు.

తవ్వే ముందు 811కి ఫోన్ చేయండి, గ్యాసు, కరెంటు లైన్లు ఎక్కడున్నాయో గుర్తు పెట్టి వెళ్తారు, ఉచితమే. హెచ్‌ఓఏ, అంటే కాలనీ ఇళ్ళ ఓనర్ల సంఘం, ఉంటే వాళ్ళ రూల్స్ చదువుకోండి. ఊరి నుంచి మొక్కలు, మట్టి, విత్తనాలు బ్యాగులో వేసుకొచ్చే ఆలోచన ఉంటే కస్టమ్స్ వెబ్‌సైటు చూడండి.

ఆ మూడు కూడా కొనడం ఎందుకనిపిస్తే ఇంకో దారి ఉంది. పియరిస్ కింది కొమ్మని వంచి, అడుగు వైపు చిన్న గాటు పెట్టి, మట్టిలో పాతి పైన రాయి పెడితే వేళ్ళు పడతాయి, మన నేల అంటు లాగానే. ఏడాది పైన పడుతుంది. మా ఇంటి వెనక అలా వేసినవి రెండు ఉన్నాయి, వచ్చే సెప్టెంబరుకి తీయొచ్చు. కావాలంటే వచ్చి తీసుకెళ్ళండి. టోలు, పెట్రోలు మీవే.