బాయికాడికి చుట్టాలొస్తున్నరు, పండుకునేది ఎక్కడ?

ఈసారి వచ్చిన ఉత్తరాలల్ల మూడు ఒకే ముచ్చట మీద ఉన్నయి. దసరా దాటినంక చుట్టాలు ఊరికొచ్చుడు, పొలంకాడ రెండు రోజులు గడుపుడు. మిగతా ఉత్తరాలు పక్కకు పెట్టి ఈ మూడింటికే జవాబు రాస్తున్న.

ప్రశ్న: అక్కా, మేం హనుమకొండల ఉంటం. మా అత్తగారి ఊరు పర్వతగిరి దిక్కు. అక్కడ మూడెకరాల వరి, రెండెకరాల పత్తి, ఒక పాత బాయి, రేకుల షెడ్డు ఉన్నయి. దసరా అయినంక వచ్చే శని, ఆదివారాలు ఇద్దరు ఆడబిడ్డలు, మరిది, వాళ్ల పిల్లలు హైదరాబాద్ నుంచి వస్తున్నరు. పిల్లాజెల్లా కలిపి 22 మందిమి. ఊర్లె ఇల్లున్నా రాత్రి కూడా బాయికాడనే పండుకుంటమంటున్నరు. మా ఆయన ‘ఓ, దానికేం భాగ్యం’ అన్నడు. నాకేమో పాముల భయం. వద్దంటే వదినె మనసు చిన్నబుచ్చుకుంటది. ఎట్ల పండవెట్టాలె, ఏం వండాలె? (ఒక కోడలు, హనుమకొండ)

జవాబు: చెల్లె, వండే సంగతి తర్వాత. ముందు రాత్రి సంగతి తేల్చుకో. నా మాట ఒక్కటే. పొద్దంత బాయికాడ ఉండుండ్రి, రాత్రి బువ్వ కూడా అక్కడనే తినుండ్రి, పండుకునేటందుకు మాత్రం ఊర్లె ఇంటికి పోవాలె. ఈ మాట మీ అత్తమ్మతోని చెప్పించు. కోడలు అంటే ‘వద్దంటున్నది’ అయితది, అదే అత్తమ్మ అంటే ‘జాగ్రత్త చెప్పింది’ అయితది.

దసరా దాటేసరికి మన దిక్కు వరి గింజ గట్టిపడుతుంటది. గింజ ఉన్నకాడికి ఎలుకలొస్తయి, ఎలుకల ఎంబడి పాములొస్తయి. పగటిపూట బుసకొట్టే నాగుపాము కంటె రాత్రి చప్పుడు లేకుండ తిరిగే కట్లపాముతోనే నాకు భయం. నేల మీద పండుకున్నోళ్ల పక్కలకే అది వస్తది. కరిచినకాడ నొప్పి పెద్దగ ఉండది, వాపు ఉండది, గాటు కూడా కనపడకపోవచ్చు. తెల్లారగట్ల కడుపునొప్పి, వాంతులు, కనురెప్పలు వాలుడు మొదలైతయి. ఇంట్లోళ్లేమో రాత్రి తిన్నది అరగలేదనుకొని ఓమ వాటరు తాపుకుంట కూసుంటరు.

అందుకే టార్పాలిన్ పరిచి అందరం వరుసగ పండుకుంటమంటే ఒప్పుకోకు. పడుచు పోరగాళ్లు నలుగురైదుగురు మొండికేస్తే వాళ్లకు మంచాలెయ్యి. దోమతెర కట్టి అంచులు పరుపు కిందికి చెక్కాలె. దుప్పటి నేలకు జీరాడొద్దు. రాత్రి లేస్తే టార్చిలైటు పట్టాలె, చెప్పులు దులిపి తొడుక్కోవాలె. ఏదన్న కరిచిందని అనుమానం వచ్చినా కోసుడు, నోటితోని గుంజుడు, తాడుతోని బిగించుడు, మంత్రం ఏయించుడు వద్దు. ఆ కాలో చెయ్యో కదలకుండ పెట్టి 108కు ఫోన్ చెయ్యాలె. పామును సంపి సంచిల ఏసుకొని పోవాల్సిన పని కూడా లేదు. మన దగ్గర ఎక్కువగ కరిచే నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర నాలుగింటికీ ఒక్కటే విరుగుడు మందు. వరంగల్ ఎంజీఎం ఉండనే ఉన్నది, అంతకంటె దగ్గర్ల ఏ సర్కారు దవాఖానల ఆ మందు దొరుకుతదో శుక్రవారమే కనుక్కో.

పాము కంటె ముందు కనుక్కోవాల్సింది ఇంకోటున్నది, నువ్వు రాయలేదు. పంట పాడుచేసే అడవిపందులకని రాత్రిపూట తీగ గుంజి కరెంటు ఇచ్చేటోళ్లు ఇంకా ఉన్నరు. అది నేరం, మనుషులు పోతున్నరు, అయినా ఆగుతలేరు. పట్నం పోరగాళ్లు ఫోన్ లైటు పట్టుకొని చీకట్ల గెట్టు దాటితే ఆ తీగ కనపడది. మీతోని గెట్టు పంచుకునేటోళ్లందరి దగ్గరికి మీ ఆయనను పంపు. ‘శనివారం, ఆదివారం మా దిక్కు మనుషులు తిరుగుతరు’ అని మొఖం చూసి చెప్పి రావాలె. ఫోన్ల చెప్పుడు కాదు.

పాత బాయి అన్నవు, చుట్టూ గోడ ఉన్నదో లేదో రాయలేదు. మన ఎవుసం బాయిలు చాలావాటికి ఉండది. వానలు పోయేనాటికి నీళ్లు పైదాక ఉంటయి, ఒడ్డుకు గడ్డి పెరిగి అంచు ఎక్కడున్నదో తెల్వది. ముందురోజు గడ్డి కోయించి, నాలుగు దిక్కులా గుంజలు పాతి రెండు వరుసల తాడు కట్టించు. తాడు కట్టినమని ఊకోకు, ఒక పెద్దమనిషి అక్కడ కూసోవాలె, గంటకొకరు మారాలె. ఈత నేర్పుతనని మరిది ఉషారు చేస్తే ట్యూబు, తాడు లేకుండ దిగనియ్యకు. మోటరుకు ఆటోస్టార్టర్ ఉంటే అది కూడా చూసుకో. 2018 జనవరి 1 నుంచి ఎవుసానికి 24 గంటల కరెంటు వచ్చినంక అర్ధరాత్రి నీళ్లు కట్టే బాధ తప్పింది గని, కరెంటు పోయి వచ్చిందంటే ఆ మోటరు దానంతట అదే షురువైతది. పిల్లలున్న రెండు రోజులు ఆటో తీసేసి, చేత్తోనే ఏసుకోండి.

ఇగ ఎవ్వరూ నోరు తెరిచి అడగని సంగతి. బాయికాడ లెట్రిన్ లేకుంటే ఆడోళ్లు ఏం చేస్తరో తెలుసు గద, నీళ్లు తాగుడు బంద్ చేస్తరు. పొద్దూకేవరకు తలనొప్పి, చిరాకు. ‘మీ ఊరు బాగుంది’ అంటరు గని మళ్లొకసారి రారు. బాయికి 50 అడుగులకు తక్కువ కాకుండ దూరంల గుంత తవ్వించి, గుంజలు పాతి గ్రీన్‌మ్యాట్ కట్టించు. లోపల బకెట్, మగ్గు, సబ్బు, గుంతల చల్లేటందుకు బూడిద, రాత్రికి లైటు పెట్టించు. గుంత మీద కూసోలేని పెద్దోళ్ల కోసం ఊర్లె ఇంటికి పోయి వచ్చేటట్టు ఒక బండి సిద్ధంగుండాలె. తాగేటందుకు 20 లీటర్ల క్యాన్లు ఏడెనిమిది తెప్పించు. పత్తికి మందులు కొట్టే కాలంల బాయినీళ్లు తాపకు.

తిండికొస్తే, శనివారం నీసు ముట్టనోళ్లు మన ఇండ్లల్ల ఒకరిద్దరన్న ఉంటరు. అందుకే కోడి, యాట ఏదైనా ఆదివారానికే. శనివారం పగటికి పప్పు, బీరకాయ కూర, పచ్చిపులుసు చాలు. సాయంత్రానికి పచ్చి కంకులు దొరికితే మక్కగారెలు, లేకుంటే సర్వపిండి. హైదరాబాద్ పిల్లలు సర్వపిండి తిని ఉంటరు గని ఒత్తంగ చూసి ఉండరు.

బియ్యప్పిండిల నానిన శెనగపప్పు, కచ్చాపచ్చాగ దంచిన పల్లీలు, నువ్వులు, ఉల్లాకు, కరివేపాకు, కారం, ఉప్పు ఏసి గట్టిగ కలపాలె. గంజుకు లోపల నూనె రాసి, ముద్దను అడుగున పెట్టి పక్కలదాక పల్చగ ఒత్తుకుంట పోవాలె. వేలుతోని బొక్కలు పెట్టి ఒక్కో బొక్కల చుక్క నూనె ఏసి మూత పెట్టాలె. కట్టెల మంట మీద పెడితే అడుగు మాడి పైన పచ్చిగుంటది, మంట తీసి నిప్పుల మీద పెట్టాలె. కిటుకంత రెండో వాయికాడ ఉన్నది. గంజు వేడిమీదుంటే పిండి ఒత్తరాదు, చేతులు కాలుతయి. మూడు గంజులు పెట్టుకో. ఒకటి నిప్పుల మీద, ఒకటి అడుగు నీళ్లల్ల పెట్టి చల్లారుతుంటది, ఒకదాంట్ల పిల్లలు ఒత్తుతుంటరు. అంచు ఎర్రగై గంజును విడిచిందంటే అయినట్టు.

22 మందికి రెండు రోజులు నువ్వొక్కదానివే వండాలనుకోకు. వదినె చిన్నబుచ్చుకుంటదని భయపడుతున్నవు గని, పుట్టింటి బాయికాడ చెయ్యి కదపనియ్యకపోతేనే ఆడబిడ్డలు చిన్నబుచ్చుకుంటరు. ‘వదినె, పచ్చిపులుసు నీ చేత్తోనే బాగుంటది’ అను, చూడు. యారాలుకు కూరగాయలు అప్పజెప్పు. ఆదివారం నాటుకోడి పొయ్యి మాత్రం ‘దానికేం భాగ్యం’ అన్నాయినకే. అది బాయిలర్ లెక్క అరగంటల ఉడకది, ముదురుదైతే గంటన్నర కూసోని కట్టెలు ఎగదొయ్యాలె. నువ్వు బగారకు మూడున్నర కిలోల బియ్యం కొలిచిచ్చి చెట్టుకిందికి పో.

పత్తి ఏరుతమని పిల్లలు ఎగబడుతరు. మందు కొట్టి ఎన్ని రోజులైందో చూసి, పొద్దెక్కి మంచు ఆరినంకనే పంపు. తడి పత్తి కుప్పల కలిస్తే తేమ పెరుగుతది, 12 శాతం దాటిందంటే సర్కారు తరఫున పత్తి కొనే సీసీఐ కొనది. ఆ నష్టం చుట్టాలు కట్టియ్యరు. వరిల మాత్రం దిగనియ్యకు, ఫొటోలు ఒడ్డు మీద నిలబడే దిగాలె. వాన పడితే రేగడిల కార్లు దిగబడుతయి, వాటిని రోడ్డు మీదనే ఆపించు.

ప్రశ్న: మా చేన్ల ఉసిరిచెట్టు కింద కార్తీకంల అన్నదమ్ముల ఇండ్లోళ్లందరం కలిసి తింటం. ఈసారి చిన్నాయిన కొడుకులు నీసు, మందు కూడా ఉండాలంటున్నరు. అమ్మ ఆ నెలంత నీసు ముట్టదు. రెండు పొయ్యిలు పెడితే సరిపోతదా అక్కా? (ఒక తమ్ముడు, హుజూరాబాద్)

జవాబు: సరిపోదు తమ్ముడూ. రెండు పొయ్యిలు అంటే రెండు పంక్తులు, చివరికి మీ అమ్మ తన గిన్నె పట్టుకొని ఒక మూలకు కూసుంటది. ఉసిరిచెట్టు కింద బువ్వ ఆమెది, ఆమె తినేదే అందరూ తినాలె. కోడి కావాలన్నోళ్లను దీపావళికి ముందు ఆదివారం రమ్మను. అమావాస్య తెల్లారి నుంచే గద కార్తీకం. అప్పుడు ఎన్ని కోళ్లన్న కోసుకోండి.

మందు సీసాలు మాత్రం ఏ నెలల ఐనా బాయికాడ వద్దనే అంట. తాగినోడు ముందుగాల చేసే పని బాయిల దుంకుడు, రెండోది కారు తాళం అడుగుడు. కల్లు అయితే నేను అడ్డం రాను. చలి దిగుతుంటే ఈత కల్లు మొదలైతది, గౌడన్న మీ కండ్ల ముందు దించి పోసింది తాగండి. మత్తుమందు కలిపి అమ్మేదాని జోలికి పోకండి.

ప్రశ్న: అమెరికాల ఉండే మా తమ్ముడు పిల్లలతోని వస్తున్నడు. శనివారం మా పొలంకాడ ఉండి, ఆదివారం ఒక్కరోజుల రామప్ప, లక్నవరం, పాకాల మూడూ చూడాలంటడు. అయితదా? (ఒక అక్క, నర్సంపేట)

జవాబు: అయితది, కారు అద్దాలల్ల నుంచి. పిల్లలు చిన్నోళ్లయితే పాకాల ఒక్కటి చాలు, మీకు పక్కనే. కాకతీయ రాజు గణపతిదేవుని కాలం నాటి చెరువు కింద ఇప్పటికీ వరి పండుతున్నదని కట్ట మీద నిలబెట్టి చూపియ్యి. శనివారం మీ పొలంల చూసిన వరికి, దీనికి లంకె వాళ్లకే దొరుకుతది.

పిల్లలు కొంచెం పెద్దోళ్లయితే రామప్పకు పోండి, అప్పుడు పాకాల మర్చిపోండి. అదీ గణపతిదేవుని కాలందే, ఆయన సేనాని రేచర్ల రుద్రుడు 1213ల కట్టించిండు. 2021ల యునెస్కో జాబితాకెక్కినంక సెలవురోజుల్ల జనం బాగొస్తున్నరు. గుడి శిఖరానికి వాడిన ఇటుక నీళ్ల మీద తేలుతదన్న ముచ్చట దారిల చెప్పు, పిల్లలు కారుల అల్లరి చెయ్యకుండ వింటరు. లక్నవరం దగ్గర్లనే గని పొద్దు మిగిలితేనే అనుకోండి. గుడికి పొద్దుగాలనే పోవాలె, ఎండెక్కితే బండలు కాలుతయి. చెప్పులు బయట విడవాలె కాబట్టి పిల్లలకు సాక్సులు తొడిగించుండ్రి.