గతం గుర్తులేని క్యారెక్టర్‌ని ఆడిస్తానంటే డీఎం ఏం చేయాలి?

డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే రోల్‌ప్లేయింగ్ గేమ్ ఐదో ఎడిషన్‌లో మీరు డీఎం (డంజన్ మాస్టర్, అంటే కథ నడిపేవాళ్లు)గా కొత్త క్యాంపెయిన్ (చాలా సెషన్లు సాగే కథ) మొదలుపెడుతున్నారు. ఒక ప్లేయర్ "నా క్యారెక్టర్‌కి ఏమీ గుర్తులేదు, బ్యాక్‌స్టోరీ మీరే చూసుకోండి" అన్నారు. మొదటి మాటకు ఒప్పుకోండి, రెండోదానికి వద్దు. మరిచిపోయింది క్యారెక్టర్ కదా, ప్లేయర్ రాయాల్సింది రాయాల్సిందే.

సెషన్ జీరోలో (ఆటకు ముందు అందరూ కూర్చుని మాట్లాడుకునే రోజు) ముందు తేలాల్సింది: అసలు గతం ఎవరికి తెలిసి ఉండాలి? ప్లేయర్‌కి తెలిసి క్యారెక్టర్‌కి తెలియకపోతే నడపడం చాలా సులువు. మీకు మాత్రమే తెలిస్తే మజా ఎక్కువ, ప్రమాదమూ ఎక్కువే. నెలల తరబడి ఇష్టంగా ఆడిన క్యారెక్టర్ ఒకప్పుడు ఊళ్లు తగలబెట్టిందని ఉన్నట్టుండి బయటపెడితే, ఆ ప్లేయర్‌కి ఇక ఆ క్యారెక్టర్ షీట్ (వివరాల కాగితం) ముట్టబుద్ధి కాదు. కాబట్టి "నీ గతంలో ఏం ఉంటే నీకు ఆడాలనిపించదు?" అని సూటిగా అడిగి రాసుకోండి. వద్దన్నది వద్దంతే, ట్విస్ట్ ఎంత బాగున్నా సరే.

షీట్‌లో బ్యాక్‌గ్రౌండ్ (క్యారెక్టర్ ఇంతకుముందు చేసిన పని) గడి ఖాళీగా వదలకండి. ఈ పద్ధతికి 2014 ప్లేయర్స్ హ్యాండ్‌బుక్‌లోని బ్యాక్‌గ్రౌండ్లు చాలా బాగా కుదురుతాయి. క్రిమినల్ తీసుకుంటే డిసెప్షన్ (మోసగించే నేర్పు), స్టెల్త్ (నక్కి వెళ్లే నేర్పు), తాళాలు తీసే పనిముట్లు వస్తాయి. అంటే చేతులకు తాళం తీయడం తెలుసు, ఎవరు నేర్పారో మనిషికి తెలియదు. పైగా ఆ బ్యాక్‌గ్రౌండ్‌తో నేరస్తుల ముఠాలో నమ్మకమైన మనిషి ఒకడు వస్తాడు. వాడికి మన క్యారెక్టర్ బాగా తెలుసు, మనవాడికి వాడెవడో తెలియదు. సత్రంలో వాడు ఎదురొచ్చి "ఇంతకాలం ఎక్కడ చచ్చావురా?" అన్నాడంటే మీకు ఒక సెషన్ దొరికినట్టే. సోల్జర్ అయితే దారిన పోయే సైనికుడు సెల్యూట్ కొడతాడు. బాండ్ (క్యారెక్టర్‌కి ఒక మనిషితోనో చోటుతోనో ఉండే అనుబంధం) మాత్రం పాత జీవితంలోది పెట్టొద్దు, పార్టీలోని (కలిసి తిరిగే క్యారెక్టర్ల గుంపులోని) ఒకరితో ముడిపెట్టండి. లేదంటే క్యారెక్టర్‌కి ఈ గుంపుతో కలిసి నడవడానికి కారణమే ఉండదు. ఈ రకం క్యారెక్టర్లు ఎక్కువగా చతికిలపడేది ఇక్కడే.

జ్ఞాపకం ఎలా పోయిందన్నది రూల్స్ చూసుకుని పెట్టండి. జ్ఞాపకాలు మార్చే మాడిఫై మెమరీ స్పెల్‌తో (మంత్రంతో) జీవితమంతా తుడిచేశారంటే కుదరదు. తొమ్మిదో లెవెల్ స్లాట్ (మంత్రం వేయడానికి ఖర్చుపెట్టే శక్తి, అన్నిటికంటే పెద్దది) వాడితే ఎంత పాత సంఘటననైనా అందుకోవచ్చు గానీ, ఒకసారికి మార్చగలిగేది పది నిమిషాల వరకే. శాపం అంటారా, ఐదో లెవెల్ క్లరిక్ (దైవశక్తితో మంత్రాలు వేసే క్యారెక్టర్) శాపం తీసే రిమూవ్ కర్స్ వేసి మీ మిస్టరీని ఒక్క యాక్షన్‌లో ముగించేస్తాడు. దానికంటే జ్ఞాపకాలను ఎవరో తీసుకుని ఎక్కడో దాచారనండి. వార్లాక్ (ఏదో ఒక శక్తితో ఒప్పందం చేసుకుని మంత్రాలు పొందిన క్యారెక్టర్) అయితే ప్యాట్రన్‌కి, అంటే ఆ శక్తికి, చెల్లించిన ధర అదే. అప్పుడు స్పెల్‌తో తెగదు, వెళ్లి తెచ్చుకోవాల్సిందే.

జ్ఞాపకాలు తిరిగి ఇవ్వడానికి చిన్న కార్డులు వాడండి, ఐదారు చాలు. ఒక్కో కార్డు మీద ఒక వాసనో శబ్దమో, ఒక మనిషి, చివర ప్లేయర్ జవాబు చెప్పాల్సిన ప్రశ్న. ఉదాహరణకు: "తడిసిన గుర్రపు జీను వాసన. ఎర్ర ఉంగరం పెట్టుకున్న ఆవిడ నీ చేతికి ఉత్తరం ఇస్తోంది. నువ్వు దాన్ని ఎందుకు చింపేశావు?" ఉత్తరంలో ఏముందో మీది, ఎందుకు చింపారో ప్లేయర్‌ది. ఇలా అయితే గతం ఇద్దరిదీ అవుతుంది.

కార్డు ఇవ్వడానికి హిస్టరీ చెక్ (గతం గుర్తొస్తుందో లేదో డైస్ వేసి తేల్చడం) పెట్టకండి. డైస్‌లో 4 పడితే కథ అక్కడే ఆగిపోతుంది. సందర్భం రాగానే కార్డు ఇచ్చేయండి, రోల్ అదనపు వివరానికి మాత్రమే.

పన్నెండు సెషన్ల క్యాంపెయిన్ అనుకుంటే, మొదటి కార్డు రెండో సెషన్‌లోపు, అసలు రహస్యం ఎనిమిదో సెషన్‌కల్లా బయటపడాలి. చివరికి దాచిపెడితే, అది తెలిశాక ఏం చేయాలో ఆడే సమయమే మిగలదు. ఈలోపు క్యాంపెయిన్ మధ్యలో ఆగిపోతే రహస్యం మీ నోట్‌బుక్‌లోనే ఉండిపోతుంది, చాలా గ్రూపుల్లో జరిగేది ఇదే. ప్రతి కార్డులో మరో ప్లేయర్‌కి పనికొచ్చే ముక్క ఒకటి పెట్టండి. ఆ ఎర్ర ఉంగరం పార్టీలోని పాలడిన్ (ప్రతిజ్ఞకు కట్టుబడిన యోధుడు) వెతుకుతున్న వంశానిదే కావొచ్చు. అప్పుడు మిగతావాళ్లు ఫోన్లు చూస్తూ కూర్చోరు.

ఇదే ఐడియాతో ఇంకో ప్లేయర్ కూడా వస్తే, ఇద్దరికీ వేర్వేరు రహస్యాలు అల్లొద్దు. ఒకే రాత్రి, ఒకే చోట, ఇద్దరికీ కలిపి జ్ఞాపకం పోయిందనండి. మీరు రాసేది సగమవుతుంది, వాళ్లకు కలిసి తిరగడానికి కారణమూ దొరుకుతుంది.