చంటాడి ఫొటోలు: అమ్మలుకి పెదనాన్న రాసిన ఉత్తరం

చి.సౌ. అమ్మలుకి పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు పంపిన చంటాడి ఫొటోలన్నీ చూశాను. ముందు ఫోన్లో, తర్వాత మీ పెద్దమ్మ కళ్ళజోడు తెచ్చుకుని పక్కన కూర్చున్నాక కంప్యూటర్లో పెద్దవి చేసి. పిల్లాడు ముద్దొస్తున్నాడు, అందులో సందేహం లేదు. అయితే నువ్వడిగింది వేరు. "ఎదురుగా ఉన్నప్పుడు ఎంత బావుంటాడో ఫొటోలో అంత బావుండట్లేదు, మంచి కెమెరా కొనమంటావా పెదనాన్నా?" అన్నావు. వద్దు తల్లీ. నీ ఫోను చాలు. అల్లుడుగారు బీరువాలో పెట్టేసిన కెమెరా బయటికి తీస్తే ఇంకా మంచిది. ముందు సరిచేసుకోవాల్సింది వాడు ఎక్కడ కూర్చుంటున్నాడు, నువ్వు ఎంత ఎత్తునుంచి తీస్తున్నావు అన్నదే.

నీ ఫొటోల్లో ఎక్కువభాగం హాల్లో సోఫా మీద, రాత్రిపూట లైటు కింద తీసినవి. నడినెత్తిన పడే వెలుతురుకి కనుగుంటల్లో నీడ చేరుతుంది, ముక్కు కింద, గడ్డం కింద నల్లబడుతుంది. మధ్యాహ్నం ఎండలో డాబా మీద తీసినవాటికీ ఇదే జబ్బు. పసిపిల్లల మొహంలో కళ చూడాలంటే కళ్ళలో చూడాలి. నల్లగుడ్డులో ఒక చిన్న తెల్లటి మెరుపు పడాలి, అది ఎదురుగా ఉన్న వెలుతురు ప్రతిబింబం. నువ్వు పంపినవాటిలో వాడు గుమ్మం పట్టుకుని నిలబడ్డ ఫొటో ఒకటుంది చూడు, దాన్ని పెద్దది చేస్తే రెండు కళ్ళలోనూ తెరిచిన తలుపు కనిపిస్తుంది. అన్నిట్లోకీ అదే బావుందని నువ్వే రాశావు. కారణం ఆ తలుపే.

అదే వెలుతురు నీకు పడగ్గది కిటికీ దగ్గర దొరుకుతుంది. ఎండ సూటిగా లోపలికి రాని వేళ చూసుకో. ఉత్తరపు కిటికీ అయితే దాదాపు రోజంతా పనికొస్తుంది, తూర్పుదైతే మధ్యాహ్నం దాటాక, పడమటిదైతే పొద్దున పూట. ఎండ పడుతూంటే పల్చటి తెల్ల కర్టెన్ గానీ, పాత పంచె గానీ అడ్డం కట్టు. కిటికీకి మూడడుగుల దూరంలో చాప వెయ్యి. మరీ ఆనించి కూర్చోబెడితే ఒక చెంప తెల్లగా పేలిపోయి రెండోది చీకట్లో ఉంటుంది. కిటికీ వాడికి పక్కగా, కాస్త ముందుకి ఉండాలి. నువ్వు కిటికీ పక్క గోడకి వీపు ఆనించి కూర్చుంటే సరిగ్గా సరిపోతుంది. అవతలి చెంప ఇంకా నల్లగా అనిపిస్తే ఆ పక్కన కుర్చీ మీద తెల్ల దుప్పటి పరువు, వెలుతురు తిరిగి కొడుతుంది. తెల్లదే వెయ్యాలి సుమా. ఎర్ర దుప్పటి వేస్తే ఆ ఎరుపు చెంప మీదికొస్తుంది. పచ్చగడ్డిలో కూర్చోబెట్టిన పిల్లల గడ్డం కింద ఆకుపచ్చ ఛాయ వచ్చేది కూడా ఇందుకే.

కిటికీ వెలుతురులో తీసేటప్పుడు గదిలో లైట్లన్నీ ఆర్పెయ్యి. పగటి వెలుతురుది ఒక రంగు, బల్బుది ఒక రంగు. కెమెరా రెండిటికీ ఒకేసారి సర్దుకోలేదు, అందుకే మొహం ఒకపక్క నీలంగా, ఇంకోపక్క పసుప్పచ్చగా వస్తుంది. ఫోన్ ఫ్లాష్ మాత్రం అసలు వాడకు.

ఇవన్నీ పిల్లాడు వచ్చాక సర్దుతానంటే కుదరదు. మా స్టూడియోలో 120 అనే రకం ఫిల్ము వాడేవాళ్ళం, చుట్టకి 12 ఫొటోలే వచ్చేవి. అందుకని లైట్లు, ముక్కాలిపీట, వెనక తెర అంతా సిద్ధం చేసుకున్నాకే తల్లిని బిడ్డతో లోపలికి రమ్మనేవాళ్ళం. నువ్వూ అలాగే చెయ్యి. వాడి బొమ్మని చాప మీద పెట్టి ఒక ఫొటో తీసి చూసుకో, నీడ ఎటు పడుతోందో తెలిసిపోతుంది. వెనకాల ఏమున్నాయో అప్పుడే చూసుకో. నీ ఫొటోల్లో ఒకదాంట్లో వాడి నెత్తిమీంచి స్టాండు ఫ్యాను లేచింది, ఇంకోదాంట్లో ఆరేసిన బట్టలున్నాయి. వస్తువులు జరపక్కర్లేదు, నువ్వు ఒక అడుగు పక్కకి జరిగితే చాలాసార్లు అవే తప్పుకుంటాయి.

తర్వాత వాణ్ణి ఫొటోకి రమ్మని పిలవకు. చాప మీద స్టీలు గిన్నె, గరిటె, నాలుగు ఉల్లిపాయలు పెట్టు. వాడే వచ్చి కూర్చుంటాడు. ఉల్లిపాయ గిన్నెలో వేస్తాడు, తీస్తాడు, మళ్ళీ వేస్తాడు. ఆ పనిలో ఉన్నప్పుడు పెదవి బిగపట్టడం, నాలుక బయటపెట్టడం, ఉల్లిపాయ గిన్నెలో పడి చప్పుడవగానే తలెత్తి నీవంక చూడడం, ఇవి నువ్వు చెప్పి చేయించగలిగేవి కావు. నేల మీద కూర్చుని, ఫోను వాడి కళ్ళ ఎత్తున పట్టుకుని, ఆ చూపు కోసం కనిపెట్టుకుని ఉండు. కావాలంటే బోర్లా పడుకో. నిలబడి తీస్తే తల పెద్దగా, కాళ్ళు పుల్లల్లా వస్తాయి.

"నవ్వు నాన్నా, చీజ్ అను" అంటే వాడు పళ్ళికిలిస్తాడు, కళ్ళు నవ్వవు. ఫోను చాటున మొహం దాచుకుని బూచాట ఆడితే ఆ నవ్వు వేరు. ఇంకో సంగతి, వాణ్ణి పిలిచేవాళ్ళు ఎవరైనా సరే లెన్సు పక్కనే తల పెట్టి పిలవాలి. ఓపక్క మీ అత్తగారు, ఇంకోపక్క పనమ్మాయి చప్పట్లు కొడుతూంటే వాడి చూపు ఎటో పోతుంది. నిద్ర లేచి, కడుపు నిండి, హుషారుగా ఉన్న వేళ చూసుకో. విసుగు మొదలవగానే ఆపెయ్యి. బలవంతపెడితే మర్నాడు ఫోను కనబడగానే పారిపోతాడు.

ఫోన్లో మామూలుగా తెరుచుకునే లెన్సు చాలా వెడల్పుగా చూస్తుంది. మొహానికి దగ్గరగా పెడితే ముక్కు, నుదురు ఉబ్బి, చెవులు వెనక్కి పోతాయి. నాలుగైదడుగులు వెనక్కి జరిగి 2ఎక్స్ జూమ్ పెట్టుకో, మొహం ఉన్నది ఉన్నట్టు వస్తుంది. తీసేముందు లెన్సు మెత్తటి గుడ్డతో తుడువు. నీ ఫొటోలు కొన్ని మసగ్గా ఉండడానికి అసలు కారణం వేలి జిడ్డు అనుకుంటున్నాను. తెర మీద వాడి కంటి దగ్గర వేలితో తట్టితే ఫోకస్ అక్కడ పడుతుంది. తెల్ల చొక్కా వేసినప్పుడు ఫోను మొత్తం ఫొటోని చీకటి చేస్తుంది, అప్పుడు వేలితో తట్టినచోట కనబడే వెలుతురు గీత కొంచెం పైకి జరుపు. వెనకంతా చీకటిగా ఉంటే మొహం పాలిపోతుంది, అప్పుడు కిందికి.

అల్లుడుగారి కెమెరాకి 50 ఎంఎం లెన్సు ఉందన్నావు కదా, పిల్లల ఫొటోలకి భేషైనది. దానిలో వెలుతురు వచ్చే కన్నాన్ని పూర్తిగా ఎఫ్ 1.8కి తెరిచి (ఈ అంకె తగ్గేకొద్దీ కన్నం పెద్దదవుతుంది) దగ్గర్నించి తీస్తే ఒక కన్ను స్పష్టంగా, రెండోది మసగ్గా వస్తుంది. 2.8కీ 4కీ మధ్య పెట్టుకోమను. ఫోకస్ ఎప్పుడూ దగ్గరున్న కంటి మీద. కూర్చుని ఆడుకుంటూంటే షట్టరు తెరుచుకుని ఉండే సమయం సెకనులో 250వ వంతు, పరిగెడుతూంటే 500వ వంతు. దానికోసం ఐఎస్ఓ, అంటే కెమెరా వెలుతురుని పట్టే చురుకుదనం, 1600కో 3200కో పెరిగినా భయం లేదు. ఫొటోలో కాస్త గింజ, అంటే సన్నటి చుక్కలు, కనబడితే ఎవరికీ బాధ ఉండదు, మొహం కదిలిపోతే ఆ ఫొటోని ఏం చేసినా బాగుపడదు.

సంక్రాంతికి ఊరొస్తున్నారు కాబట్టి భోగిపళ్ళ గురించి విడిగా చెప్పాలి. ప్రతి ఇంట్లోనూ ఆ ఫొటోలు పాడయ్యేది ఒకేలా. పొద్దుగూకాక హాలు మధ్యలో పీట వేస్తారు, నెత్తిన లైటు, చుట్టూ పేరంటాళ్ళు కమ్ముకుంటారు, పిల్లాడు చీకట్లో పడతాడు. ఈసారి మీ పెద్దమ్మతో చెప్పి ఎండ తగ్గగానే, చీకటి పడకముందే వీధి అరుగు మీద పీట వేయిస్తాను. వీధివైపు ఎవరూ నిలబడకుండా, పోసేవాళ్ళు ఒక్కొక్కరే పక్కనుంచి వచ్చేలా చూసే పూచీ నాది. రేగిపళ్ళు, చిల్లర, బంతిరేకులు, చెరకు ముక్కలు నెత్తిన పడే క్షణంలో ఏ పిల్లాడైనా కళ్ళు గట్టిగా మూసుకుంటాడు. అందరూ నొక్కేది అప్పుడే. నువ్వు వేలు తియ్యకు, వరసగా తీస్తూనే ఉండు. ఆ తర్వాత వాడు మెల్లిగా కళ్ళు తెరిచి, ఒళ్ళోకి చూసుకుని, రేగిపండొకటి పైకి తీస్తాడు. కావలసిన ఫొటో అది. మీ నానమ్మ పోసేటప్పుడు మాత్రం కొంచెం వెనక్కి జరిగి ఆవిడ చేతులు కూడా పడేట్టు తియ్యి. ముడతలు, గాజులు, గుప్పిట్లోంచి జారే పళ్ళు, కింద వాడి గుండ్రటి తల, అన్నీ ఒక్క చోట.

ఇప్పుడు కాస్త గట్టిగా చెప్పే మాట. మొహం నున్నగా చేసి రంగు తెల్లబరిచే ఆ ఫిల్టరు తీసెయ్యి. వాడిది వాళ్ళ తాతగారి చామనఛాయ, ఎంత చక్కటి రంగు! పెద్దయ్యాక వాడు ఆ ఫొటోలు చూసి తన అసలు రంగు అమ్మకి నచ్చలేదని అనుకోకూడదు. బుగ్గన దిష్టిచుక్క, మోకాలి దెబ్బ, దోమ కుట్టిన మచ్చ, అన్నీ ఉండనీ. కళ్ళకి కాటుక వద్దని పిల్లల డాక్టర్లు చెబుతూనే ఉన్నారు, ఫొటో కోసమని అసలు పెట్టకు. స్నానం ఫొటోలు ఇంట్లోనే ఉంచుకో, గ్రూపుల్లో పెట్టొద్దు.

నువ్వు పంపినవాటిలో నువ్వు ఒక్కదాంట్లోనూ లేవు. పంతొమ్మిదో శతాబ్దంలో ఒక్క ఫొటోకి కొన్ని సెకన్లు కదలకుండా ఉండాల్సి వచ్చేది. ఇంగ్లండులో చంటిపిల్లల్ని తల్లి ఒళ్ళో కూర్చోబెట్టి, తల్లి కనబడకుండా గుడ్డ కప్పేసి తీసేవారు. ఆ ఫొటోలు చూసినప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది. కిటికీ దగ్గర అంతా సర్దాక ఫోను అల్లుడుగారికిచ్చి నువ్వు వెళ్ళి వాడి పక్కన కూర్చో. జుట్టు చెదిరి ఉన్నా సరే, నైటీలో ఉన్నా సరే.

ఈ ఆదివారం ప్రయత్నించి, నీకు నచ్చిన పదింటిని ఏరి పంపు. వాట్సాప్‌లో మామూలుగా పంపితే కుదించేస్తుంది, డాక్యుమెంటుగా పంపితే ఉన్నది ఉన్నట్టు వస్తుంది. కార్డు సైజు ప్రింటుకి 1800 బై 1200 పిక్సెల్స్ అయినా ఉండాలి. వాటిలో రెండు నేను ఇక్కడే కాగితం మీద వేయిస్తాను, ఒకటి మీ నానమ్మకి, ఒకటి మాకు. అల్లుడుగారిని ఆ కెమెరా బ్యాటరీ ఇవాళే చార్జింగ్ పెట్టమను, చాన్నాళ్ళు వాడకపోతే పాడై ఉండొచ్చు, అలా అయితే పండక్కి ముందే కొత్తది తెప్పించుకోవాలి.

ఆశీస్సులతో,
పెదనాన్న